కంప్యూటర్‌ను పిలిచి చూద్దాం!

కొండ ఎదుట నిలబడి కేక వేస్తే ప్రతిధ్వని వస్తుంది కదా! అది రావడానికి పట్టిన కాలాన్ని బట్టి కొండ దూరం లెక్క కట్టవచ్చునని ధ్వని పాఠంలో చదువుకున్నారు. నీటిలో సోనార్ పనిచేసేది కూడా ఈ సూత్రం మీదనే. కంప్యూటర్లు సైతం ఒకదానినొకటి ఇలాగే పిలిచి చూసుకుంటాయి!

అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేసిన మైక్ మూస్ 1983 డిసెంబరులో ఇందుకొక చిన్న ప్రోగ్రాం రాశాడు. సోనార్ చప్పుడును బట్టి దానికి 'పింగ్' అని పేరు పెట్టాడు. లినక్స్ కంప్యూటర్లలో నేటికీ ఇది వాడుకలో ఉంది. టెర్మినల్ తెరిచి, ఆంగ్లంలో చిన్న అక్షరాలతో పింగ్ అని టైపు చేసి, కాస్త ఖాళీ విడిచి, అవతలి కంప్యూటర్ చిరునామా ఇచ్చి ఎంటర్ నొక్కాలి. జవాబులు వరుసగా వస్తాయి. ఆపాలంటే కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కాలి.

ఇంటర్నెట్ రావడం లేదనుకోండి. తొందరపడి తీగలన్నీ పీకవద్దు. దగ్గర నుంచి దూరానికి ఒక్కొక్కరినే పిలుస్తూ పొండి.

1. ముందు 127.0.0.1. ప్రతి కంప్యూటరూ తనను తాను పిలుచుకునే చిరునామా ఇది. పలికితే మీ కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ ప్రోగ్రాం బాగున్నట్లే.

2. తరువాత రూటర్. 'ఐపి రూట్' అనే ఆదేశం ఇస్తే, 'డిఫాల్ట్' అన్న వరుసలో దాని చిరునామా కనిపిస్తుంది. అది పలకకపోతే లోపం ఇంట్లోనే వెతకాలి: తీగలోనో, వైఫైలోనో.

3. ఆపైన 8.8.8.8. ఇది గూగుల్ సంస్థ నడిపే సేవ చిరునామా. రూటర్ పలికి, ఇది పలకకపోతే బయటి లైనును అనుమానించాలి.

4. అంకెలతో పిలిస్తే పలికి, వెబ్‌సైటు పేరుతో పిలిస్తే చిరునామాయే దొరకకపోతే? పేర్లను అంకెలుగా మార్చే డిఎన్ఎస్‌లో చిక్కు ఉన్నదన్న మాట.

అయితే ఒక హెచ్చరిక. జవాబు రానంత మాత్రాన అవతలి కంప్యూటర్ ఆగిపోయిందనుకోరాదు. పింగ్‌కు జవాబివ్వకుండా కొన్నింటిని కట్టడి చేసి ఉంచుతారు. అలాగే, పలికినంత మాత్రాన పని జరుగుతున్నదనీ అనుకోరాదు. బడి తలుపులు తెరిచి ఉన్నా లెక్కల మాస్టారు రాకపోవచ్చు కదా! తెర వెనుక నడుస్తూ మనకు పని చేసిపెట్టే ప్రోగ్రాంను సర్వీసు అంటారు. మీ కంప్యూటర్‌లోని సర్వీసు సంగతి తెలియాలంటే, చాలా లినక్స్ రకాలలో 'సిస్టమ్‌సిటిఎల్ స్టేటస్' అని రాసి, పక్కన దాని పేరు ఇవ్వాలి. 'యాక్టివ్' అంటే నడుస్తున్నట్లు, 'ఇనాక్టివ్' అంటే ఆగి ఉన్నట్లు, 'ఫెయిల్డ్' అంటే చెడి ఆగినట్లు.

ఇక దూరం లెక్క. పింగ్ ప్రతి జవాబుకూ పట్టిన కాలాన్ని మిల్లీసెకన్లలో చూపుతుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కి.మీ. పోతుంది. 10 మిల్లీసెకన్లలో పోగలిగేది 2,000 కి.మీ. పోనూ రానూ కలిపి అంతే కనుక, ఆ కంప్యూటర్ 1,000 కి.మీ. లోపే ఉండాలి!

మీరే ఆలోచించండి: 40 మిల్లీసెకన్లలో జవాబు వస్తే, అవతలి కంప్యూటర్ గరిష్ఠంగా ఎంత దూరంలో ఉండవచ్చు? సరిగ్గా అంత దూరంలోనే ఉన్నదని ఎందుకు చెప్పలేం?