మొదటి అడుగు మనదే కావాలి: ఆన్‌లైన్ బ్యాంకింగ్ అనుభవ పాఠాలు

కెనడాలోని మిస్సిసాగాలో స్థిరపడి చాలా ఏళ్లయింది. పద్దులు రాసే ఉద్యోగంలోనే రిటైరయ్యాను కాబట్టి గుళ్లోనో, పండగ భోజనాల దగ్గరో కలిసినప్పుడు మనవాళ్లు బ్యాంకు సంగతులు నన్నే అడుగుతుంటారు. పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు, నిన్నగాక మొన్న దిగిన విద్యార్థులు, ఇంటి అప్పుతో సతమతమయ్యే కుర్ర దంపతులు, అందరిదీ ఒకటే సందేహం: "ఫోన్‌లో డబ్బు వ్యవహారం క్షేమమేనా?" క్షేమమే. బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడే దొంగల కంటే మన చేతనే తలుపు తీయించుకునే దొంగలు ఎక్కువ. అందుకే నా పాఠాలన్నిటికీ మూలం ఒక్కటే: డబ్బు కదిలే ఏ పనైనా మనం మొదలుపెట్టిందే అయి ఉండాలి.

1. భయపడి కాగితాన్ని పట్టుకు వేలాడకండి

జనవరి మంచులో బస్సెక్కి బ్రాంచికి వెళ్లి కరెంటు బిల్లు కట్టాల్సిన అవస్థ ఇప్పుడు లేదు. పెన్షను, పన్ను రీఫండు నేరుగా ఖాతాలో పడతాయి. చెక్కే భద్రమనుకునే వాళ్లు ఒకసారి చెక్కు తీసి చూడండి. మీ పేరు, చిరునామా, ఐదంకెల ట్రాన్సిట్ నంబరు, మూడంకెల బ్యాంకు నంబరు, ఖాతా నంబరు, చివర మీ సంతకం, అన్నీ దాని మీదే ఉంటాయి. అది పోస్టులో ఎన్ని చేతులు మారుతుందో ఆలోచించండి.

బ్యాంకే మునిగిపోతే ఎలా అని అడుగుతారు. 1967లో పెట్టిన కెనడా డిపాజిట్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్, సభ్య సంస్థ దివాలా తీస్తే ఒక్కో డిపాజిట్ విభాగానికి లక్ష డాలర్ల వరకు పూచీ ఉంటుంది. బ్రాంచీలు లేని ఆన్‌లైన్ బ్యాంకుకైనా సభ్యత్వం ఉంటే చాలు. క్రెడిట్ యూనియన్లకు మాత్రం ఆయా ప్రావిన్సుల బీమా వేరే ఉంది. మ్యూచువల్ ఫండ్లకూ క్రిప్టోకూ ఈ పూచీ లేదు. మోసంలో పోయిన డబ్బుకు అసలే లేదు. అక్కడ మనల్ని మనమే కాచుకోవాలి.

2. ఫోను ఎవరు చేశారో ముందు చూడండి

మాకు తెలిసిన ఒక పెద్దావిడకు ఇంటి ల్యాండ్‌లైన్‌కు ఫోనొచ్చింది. "మీ బ్యాంకు మోస నిరోధక విభాగం నుంచి మాట్లాడుతున్నాం. మీ కార్డు మీద వెయ్యి డాలర్ల కొనుగోలు జరిగింది. అనుమానంగా ఉంటే ఫోను పెట్టేసి, కార్డు వెనక ఉన్న నంబరుకు మీరే చేయండి" అన్నారు. ఎంత నమ్మకంగా ఉంది! కానీ అసలు కిటుకు అక్కడే ఉంది. ఆవిడ ఫోను పెట్టేసినా అవతలివాడు పెట్టడు. ల్యాండ్‌లైన్ మీద లైను వెంటనే తెగదు. డయల్ టోన్ శబ్దం కూడా వాడే వినిపిస్తాడు. ఆవిడ ఏ నంబరు నొక్కినా ఎత్తేది వాళ్లే. అయితే ఆవిడ తన సెల్‌ఫోన్ తీసుకుని, కార్డు వెనక నంబరుకు చేశారు. అసలు బ్యాంకువాళ్లు, ఆ కార్డు మీద ఏ కొనుగోలూ లేదన్నారు.

తెర మీద బ్యాంకు పేరు కనబడిందని నమ్మకండి, దాన్ని మార్చడం దొంగలకు సులువు. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన కోడ్ ఫోన్లో అడిగిన మనిషి ఎవరైనా సరే, మోసగాడే అనుకోండి. బ్యాంకుతో పనుంటే యాప్ మీరే తెరవండి, లేదా వేరే ఫోన్ నుంచి మీరే పిలవండి.

3. ఈ-ట్రాన్స్‌ఫర్ అంటే చేతిలో నోటు పెట్టడమే

ఈమెయిలు చిరునామాతో డబ్బు పంపే ఇంటరాక్ ఈ-ట్రాన్స్‌ఫర్ లేకుండా ఇక్కడ రోజు గడవదు. బేస్‌మెంట్ అద్దె, సంగీతం టీచరు ఫీజు, సంక్రాంతి సంబరాల చందా, అన్నీ దానిమీదే. అవతలివారు ఆటోడిపాజిట్ పెట్టుకుంటే డబ్బు నేరుగా వాళ్ల ఖాతాలో పడుతుంది, వెనక్కి తీసుకోలేం. అందుకే పంపే ముందు తెర మీద కనిపించే పేరు చదవండి. అది మీరు అనుకున్న మనిషి పేరేనా? కాకపోతే ఆగిపోండి.

మీకు డబ్బు వచ్చే వైపు మాత్రం ఆటోడిపాజిట్ తప్పక పెట్టుకోండి. అది లేకపోతే డబ్బు ఒక ఈమెయిలు లింకుగా వచ్చి, రహస్య ప్రశ్నకు జవాబిస్తే జమవుతుంది. మీ ఈమెయిల్లోకి దొంగ దూరాడంటే ఆ లింకు వాడి చేతిలోనే ఉన్నట్టు. "మన ఊరేది?" అని ప్రశ్న పెట్టి "విజయవాడ" అని జవాబు పెడితే అది రహస్యమా? మీ ఫేస్‌బుక్ చూసిన ఎవడైనా చెప్పేస్తాడు.

విద్యార్థులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. బ్రాంప్టన్‌లో గది ఉంది, ఫొటోలు ఇవిగో, అడ్వాన్సు పంపితే తాళం ఇస్తాం అంటే హైదరాబాద్ నుంచే పంపకండి. ఇక్కడున్న మనవాళ్లు ఎవరైనా వెళ్లి ఆ గది కళ్లారా చూసేదాకా ఒక్క డాలరు కదలకూడదు.

4. ఖాతాకో తాళం ఉండాలి

2020 ఆగస్టులో పన్నులు వసూలు చేసే కెనడా రెవెన్యూ ఏజెన్సీలో వేలమంది ఖాతాల్లోకి దొంగలు దూరారు. ఇతర సైట్ల నుంచి దొంగిలించిన పాస్‌వర్డ్‌లనే ఇక్కడా ప్రయత్నించి చూశారు, పనిచేశాయి. ఎందుకంటే ఆ జనం అన్నిచోట్లా ఒకటే పాస్‌వర్డ్ వాడారు. బ్యాంకుకు ఒకటి, ఈమెయిలుకు ఇంకొకటి, రెవెన్యూ ఏజెన్సీకి మరొకటి పెట్టుకోండి. రెండంచెల నిర్ధారణ ఆన్ చేయండి. ఉన్నట్టుండి ఫోన్‌కు సిగ్నల్ పోయి, పక్కవాళ్లకు మాత్రం ఉంటే అశ్రద్ధ చేయకండి. మీ నంబరును ఎవరో వేరే సిమ్‌కు మార్చుకుని ఉండొచ్చు.

5. తొందరపెట్టేవాణ్ని ఆపండి

"పన్ను బకాయి ఉంది, గంటలో పోలీసులొస్తారు" అని ఒకడు. "మీ మనవడు ప్రమాదం చేసి జైల్లో ఉన్నాడు, బెయిలు డబ్బు పంపండి, ఎవరికీ చెప్పొద్దు" అని ఇంకొకడు. రెవెన్యూ ఏజెన్సీ గిఫ్ట్ కార్డుల్లో పన్ను కట్టమనదు. ఇక్కడి కోర్టు బెయిలు డబ్బు కోసం ఇంటికి కొరియరును పంపదు. మనవడికే ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసిన ఒక మాట ముందే అనుకుని ఉంచుకోండి.

6. ఇండియా ఖాతాను మరిచిపోకండి

ఇక్కడ స్థిరపడ్డాక అక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ప్రవాసులకు ఉద్దేశించిన ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాలి, అది నిబంధన. 2023 నుంచి కెనడా నంబరుతోనే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు యూపీఐ వాడే అవకాశం కల్పించారు. మీ బ్యాంకు ఇస్తోందేమో అడగండి. "కేవైసీ ఆగిపోయింది, ఈ లింకు నొక్కండి" అని మెసేజ్ వస్తే తుడిచేయండి. ఇంకో మాట గుర్తుంచుకోండి: యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే.

7. ఇద్దరికీ తెలిసి ఉండాలి

మన ఇళ్లలో లెక్కలన్నీ ఒకరి బుర్రలోనే ఉంటాయి. ఆ మనిషి ఆస్పత్రిపాలైతే రెండోవారికి ఏ బ్యాంకో కూడా తెలియదు. అలాగని పాస్‌వర్డ్ చెప్పుకోవడం పరిష్కారం కాదు. దాన్ని ఇతరులకిస్తే నష్టం మీదే అంటుంది బ్యాంకు ఒప్పందం. జాయింట్ ఖాతా తెరవండి, లేదా లాయరుతో పవర్ ఆఫ్ అటార్నీ రాయించండి. ఎవరి లాగిన్ వారికే ఉండాలి. అలాగే విద్యార్థులూ, మీ ఖాతాను "స్నేహితుడి డబ్బు పడుతుందట" అని అద్దెకివ్వకండి. అది దొంగసొమ్ము అయితే మీ పేరే బయటికొస్తుంది.

8. కొంత నగదు ఇంట్లో ఉంచండి

2022 జూలై 8న టెలికాం సంస్థ రోజర్స్ నెట్‌వర్క్ ఆగిపోతే దేశమంతటా ఇంటరాక్ డెబిట్ కూడా పనిచేయలేదు. బీరువాలో నోట్లున్న వాళ్లకు ఆరోజు కూరగాయలు కొనుక్కోవడం ఇబ్బంది కాలేదు.

9. అలర్ట్‌లు పెట్టండి, మోసం జరిగితే దాచకండి

ఏ లావాదేవీ జరిగినా మెసేజ్ వచ్చేలా యాప్‌లో పెట్టుకోండి. మీరు అంగీకరించని ఆటోమేటిక్ కోత కనబడితే 90 రోజుల్లోగా బ్యాంకులో అభ్యంతరం చెప్పి వాపసు అడగొచ్చు. క్రెడిట్ కార్డును ఎవరో దొంగతనంగా వాడితే చట్టం ప్రకారం మీ బాధ్యత 50 డాలర్లకు మించదు. కానీ మీరే పంపిన ఈ-ట్రాన్స్‌ఫర్ తిరిగి రావడం కష్టం.

మోసపోయిన గంటలోనే బ్యాంకుకు, పోలీసులకు, కెనడియన్ యాంటీ ఫ్రాడ్ సెంటర్‌కు (1-888-495-8501) చెప్పండి. క్రెడిట్ బ్యూరోలైన ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్‌లకు తెలిపి మీ పేరు మీద హెచ్చరిక పెట్టించండి. ఫిర్యాదు తేల్చడానికి బ్యాంకుకు 56 రోజుల గడువుంది. అప్పటికీ తేలకపోయినా, జవాబు మీకు సమ్మతం కాకపోయినా, 2024 నవంబరు 1 నుంచి అన్ని బ్యాంకులకూ ఓబీఎస్‌ఐ అనే స్వతంత్ర సంస్థే దిక్కు, ఖర్చు లేకుండా అక్కడికి వెళ్లొచ్చు. 2022లో ఒక్క ఏడాదే ఆ ఫ్రాడ్ సెంటర్‌కు చేరిన ఫిర్యాదుల్లో నష్టం 53 కోట్ల డాలర్లు. అందులో చదువుకున్నవాళ్లూ, ఉద్యోగస్థులూ ఎందరో. సిగ్గుపడి దాచిన మోసమే ఇంకొకరి ఇంటికి వెళుతుంది.

ఈ వారంలోనే మూడు పనులు చేయండి: ఆటోడిపాజిట్ పెట్టండి, అలర్ట్‌లు ఆన్ చేయండి, బ్యాంకు నంబరును కార్డు వెనక నుంచి చూసి ఫోన్‌లో రాసుకోండి. ఆపైన ఎవరు ఫోన్ చేసినా, "నేనే చేస్తాను" అని పెట్టేయండి.