సంతకం తరువాత సంధి



గట్టు తగాదాలో పెద్దమనుషులు రాజీ కుదిర్చి లేచిపోతే చాలదు. హద్దురాయి పాతేదాకా దగ్గర నిలబడాలి. దేశాలలో రగిలే యుద్ధాలకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశం ఇందుకు చక్కని ఉదాహరణ.

1975లో పోర్చుగల్ పాలన నుండి విముక్తి పొందిన ఆ దేశంలో రెండేళ్ళకే అంతర్యుద్ధం మొదలైంది. ఒకవైపు ఫ్రెలిమో ప్రభుత్వం, మరోవైపు రెనామో తిరుగుబాటుదారులు. యుద్ధం, కరవు కలిసి సుమారు 10 లక్షలమందిని బలిగొన్నాయి.

1990 జూలైలో ఇరుపక్షాలూ రోము నగరంలో ముఖాముఖి కూర్చున్నాయి. ఆతిథ్యమిచ్చినది సంత్ ఎజీదియో అనే కతోలిక విశ్వాసుల సంఘం. 1968లో విద్యార్థులతో ప్రారంభమైన ఈ సంఘానికి సైన్యం లేదు, అధికారం లేదు. కాని అంతకుముందే ఆ దేశానికి ఆహారం, మందులు పంపి నమ్మకం సంపాదించుకుంది. మధ్యవర్తులలో బెయిరా అగ్రపీఠాధిపతి జైమే గొన్సాల్వెస్ గారు ఒకరు. రెండేళ్ళకు పైగా ఓర్పుతో సాగిన చర్చలు 1992 అక్టోబరు 4న, పునీత అస్సీసి ఫ్రాన్సిస్ వారి పండుగనాడు, ఒప్పందంగా ఫలించాయి.

సంతకాలయ్యాయి. కాని తుపాకి ముందుగా దించేదెవరు? దించినవాడిని ఎదుటివాడు కాల్చడని హామీ ఏమిటి? ఈ భయాన్ని తీర్చడానికే ఐక్యరాజ్యసమితి అవసరమైంది.

అంతకు కొద్దిరోజుల ముందు, 1992 సెప్టెంబరులో, అంగోలా దేశంలో సైన్యాలు పూర్తిగా ఆయుధాలు విడువకముందే ఎన్నికలు జరిగాయి. ఓడినపక్షం ఫలితాన్ని అంగీకరించలేదు. యుద్ధం మళ్ళీ రాజుకుంది. ఆ గుణపాఠంతో మొజాంబిక్‌లో ఎన్నికలను ఒక ఏడాది వెనుకకు జరిపారు. ఆరువేల పైచిలుకు శాంతిసైనికులు రహదారులకు కాపలా కాశారు. వారిలో మన భారత సైనికులూ ఉన్నారు. ఇరుపక్షాల సైనికులు 70 వేలమందికి పైగా ఆయుధాలు అప్పగించి ఇళ్ళకు వెళ్ళారు. పొరుగుదేశాలలో తలదాచుకున్న సుమారు 17 లక్షలమంది కాందిశీకులలో అత్యధికులు తిరిగివచ్చారు. ఆ తరువాతే 1994 అక్టోబరులో ప్రజలు ఓటు వేశారు.

అయితే ఆ శాంతి శాశ్వతమని చెప్పలేము. 2013లో ఘర్షణలు తిరిగి తలెత్తాయి. 2019 ఆగస్టులో మరో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. బయటివారు బల్ల వేయగలరు, కాపలా కాయగలరు. మనసు మార్చుకోవలసినది మాత్రం పోరాడినవారే.

మన కుటుంబాలలో, విచారణలలో తగవు తీర్చేవారికి కూడా ఇదే పాఠం. చేతులు కలిపించి వెళ్ళిపోకండి. నమ్మకం కుదిరేదాకా తోడుండండి.