నరసమ్మ దగ్గర నేర్చుకోవలసిన చదువు

చందుర్తి

చిరంజీవి బిడ్డకు,

నీ ఉత్తరం అందింది. జగిత్యాలలో నీకు ప్రసూతి వార్డు డ్యూటీలు మొదలవుతున్నాయని, నొప్పులు పడే మనిషి పక్కన నిలబడాలంటే భయంగా ఉందని రాశావు. ఆ భయం మంచిదే. రెండు ప్రాణాలు చేతిలో ఉన్నాయని తెలిసినవాళ్లకే అది కలుగుతుంది. పాఠాలు మీ మేడమ్‌లు చెబుతారు. నేను మాత్రం ఒక మనిషి బతుకు గురించి చెబుతాను. ఆమె బడికి పోలేదు, నర్సు యూనిఫాం వేసుకోలేదు. అయినా వార్డులోకి పోయే ముందు ప్రతి నర్సూ తెలుసుకోవలసిన బతుకు ఆమెది.

ఆమె సూలగిత్తి నరసమ్మ. సూలగిత్తి అంటే కన్నడలో మంత్రసాని. కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకా కృష్ణాపురంలో 1920లో పుట్టారు. ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న ఆ ప్రాంతంలో చాలా ఇళ్లలో మాట్లాడేది మన తెలుగే. నరసమ్మ మాతృభాషా తెలుగే. 12వ ఏట అంజినప్పతో పెళ్లయింది. 12 మంది పిల్లల్ని కన్నారు. వాళ్లలో నలుగురు చిన్నప్పుడే పోయారు. కాన్పు చేసే విద్య ఆమెకు అమ్మమ్మ తరం నుంచి వచ్చింది. మరిగెమ్మ అనే ఆ పెద్దామె నరసమ్మ కాన్పుల్లో ఐదు తన చేతుల మీదుగా చేసింది. అంటే, నొప్పులు పడుతూనే ఆ చేతుల పనితనం ఎరిగిన మనిషి నరసమ్మ. 1940లో, 20 ఏళ్ల వయసులో, తమ ఇంటి మనిషికే మొదటి కాన్పు చేశారు. ఊరికి వచ్చే సంచార జాతుల వాళ్ల దగ్గర గర్భిణులకు ఇచ్చే ఆకు పసరు మందులు నేర్చుకున్నారు.

ఆ తర్వాత జీవితమంతా అదే పని. 15,000కు పైగా కాన్పులు చేశారు, అదీ ఒక్క పైసా తీసుకోకుండా. డెబ్బై ఏళ్లు పనిచేశారనుకుని లెక్కేసినా ఇంచుమించు రెండు రోజులకొక కాన్పు. ఎండా వానా, పగలూ రాత్రీ, తన పిల్లల ఆకలీ తన ఒంటి అలసటా ఏవీ ఆమెను ఆపలేదు. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2018లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 25న, 98 ఏళ్ల వయసులో బెంగళూరులో కన్నుమూశారు.

ఇంత పెద్ద బతుకులో నీకు పనికొచ్చేది ఒకటుంది. నొప్పులు పడే మనిషిని కనిపెట్టుకుని ఉండటం. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

నరసమ్మ గర్భిణి కడుపు మీద చెయ్యి పెట్టి బిడ్డ తల ఎక్కడుందో, లోపల ఎట్లున్నదో చెప్పేవారు. అది మహిమేమీ కాదు. వేల కడుపుల మీద శ్రద్ధగా ఆనించిన చేతికి వచ్చిన తెలివి అది. నీకూ ఆ పరీక్షే నాలుగు పద్ధతులుగా నేర్పుతారు. పైన ఉన్నది పిరుదులా తలా, వీపు ఏ పక్కన ఉంది, కింద ఉన్నది తలేనా, అది ఎంత దిగింది అన్నవి తడిమి తెలుసుకోవాలి. ముందు ఆమెను మూత్రానికి పోయి రమ్మను. చేతులు కడుక్కుని, రుద్దుకుని వెచ్చబెట్టుకో. నువ్వేం చేయబోతున్నావో ఆమెకు చెప్పు, సరేనన్నాకే ముట్టుకో. స్కానింగ్ రిపోర్టు ఉంది కదా అని ఈ పని మానుకోకు. రిపోర్టు పోయిన వారానిది, నీ చెయ్యి ఇప్పటిది.

ఓపిక సంగతి ఇంకా పెద్దది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం మన తెలంగాణలో 97 శాతం కాన్పులు దవాఖానల్లోనే అయ్యాయి. ఇది మనం గర్వపడవలసిన మాట. అదే సర్వేలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లని తేలింది. ఇది మనం తలదించుకోవలసిన మాట. అవసరమైన చోట ఆపరేషన్ తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది, దాన్ని నేనెన్నడూ తప్పనను. కానీ ముహూర్తం చూసి కడుపు కోయించుకునే ఇళ్లు మన చుట్టుపక్కల ఎన్ని లేవు? నొప్పులు చూడలేక తల్లిదండ్రులే కోయమని బతిమాలడం నువ్వు రేపు నీ కళ్లతో చూస్తావు.

సహజ కాన్పుకు గడియారం కంటే మనిషి తోడు అవసరం. గర్భసంచి ముఖద్వారం గంటకొక సెంటీమీటరు తెరుచుకోవాలని మా కాలంలో నేర్పేవాళ్లు. అందరికీ ఆ వేగం ఉండదని, ఒక్క ఆ లెక్కను పట్టుకుని తొందరపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా చెప్పింది. తల్లీ బిడ్డా బాగున్నంతసేపు ఎదురుచూడవచ్చు. ఆమెను నడవనివ్వు, పక్కకు తిరిగి పడుకోనివ్వు, నీళ్లు తాగనివ్వు, నడుము రుద్దు. మన రాష్ట్రం 2017లో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది కూడా ఇందుకే. ఏడాదిన్నర చదువు అది. మొదటి జట్టులో 30 మంది స్టాఫ్ నర్సులు మన కరీంనగర్‌లోనే శిక్షణ పొందారు. నరసమ్మ ఓపికకు ఈనాటి శాస్త్రం తోడైతే ఎట్లా ఉంటుందో ఆ చదువు అట్లా ఉంటుంది. నర్సింగ్ పూర్తయ్యాక నువ్వు ఆ దారి పడితే నాకంటే ఎక్కువ సంతోషించేవాళ్లు ఉండరు.

ఇక్కడొక హెచ్చరిక విను. నరసమ్మ పేరు చెప్పి ఇంటి కాన్పులే మేలనే వాళ్లు కలుస్తారు. వాళ్ల మాట నమ్మకు. కొడవలితోనో బ్లేడుతోనో బొడ్డు కోసి ధనుర్వాతం వచ్చి పసిగుడ్లు పోయిన కాలం మన ఊళ్లకు తెలుసు. టీకాలు, శుభ్రమైన కాన్పులు ఆ జబ్బును తరిమేశాయి. తల్లికీ పసిబిడ్డకూ వచ్చే ధనుర్వాతాన్ని భారతదేశం నిర్మూలించిందని 2015లో ప్రకటించారు. బతికి పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు తెలంగాణలో 2014-16లో 81 ఉంటే 2018-20 నాటికి 43కు తగ్గాయి. దవాఖాన, 108 బండి, రక్తనిధి, ఆశా కార్యకర్త కలిస్తే తగ్గిన లెక్క అది. ఆ 43 కూడా మనకు ఎక్కువే.

అందుకే ఎదురుచూపు ఎక్కడ ఆపాలో తెలియని ఓపికకు విలువ లేదు. సిరిసిల్లలో సాంచె (మరమగ్గం) నడిపే కార్మికుడు చప్పుడు మారగానే పోగు తెగిందని కనిపెట్టి సాంచె ఆపుతాడు. నీ చెవి అట్లా తయారు కావాలి. బిడ్డ గుండె నిమిషానికి 110 కంటే తగ్గినా 160 దాటినా ఊరుకోకు. నొప్పుల దశలో అరగంటకోసారి, బిడ్డ బయటికొచ్చే దశలో ఐదు నిమిషాలకోసారి విను. బీపీ 140/90 చేరి, తలనొప్పి, కళ్లు మసకలు అంటే అది గుర్రపువాతానికి, అంటే గర్భిణులకు వచ్చే ఫిట్స్‌కు, ముందు మాట. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇవ్వాలి. ఆ మందు చల్లదనంలో ఉందో లేదో డ్యూటీ ఎక్కగానే చూసుకో. రక్తస్రావం అర లీటరు దాటితే గండమే. బాలింత ప్రాణం గంటల్లోనే పోవచ్చు, ప్రతి నిమిషమూ విలువైనదే. డాక్టరును పిలవడానికి మొహమాటపడకు. రాత్రి రెండు గంటలకు లేపినందుకు ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ.

చూసిన ప్రతిదీ రాసిపెట్టు. నరసమ్మకు చదువు రాదు. అన్ని వేల కాన్పుల అనుభవం ఆమె జ్ఞాపకంలోనే ఉండేది, పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్లకే అందేది. 90 ఏళ్లు బతికి 1910లో కన్నుమూసిన ఫ్లారెన్స్ నైటింగేల్ చూసినదాన్ని లెక్కలుగా రాసింది. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే జబ్బులతోనే ఎక్కువగా చచ్చిపోతున్నారని ఆ లెక్కలతోనే లోకానికి చూపించింది. నీ చేతిలో నరసమ్మ స్పర్శ ఉండాలి, నీ కేసు షీటులో నైటింగేల్ క్రమశిక్షణ ఉండాలి. నువ్వు డ్యూటీ దిగాక వచ్చే సిస్టర్ ఆ కాగితం చూసే ఆ తల్లిని కాపాడుతుంది. చూడకుండా అంకెలు నింపడం మాత్రం ఎన్నడూ చెయ్యకు. అది ఆ తల్లికి చేసే ద్రోహం.

చివరగా, మన ఆడపిల్లల సంగతి. చందుర్తి, మర్రిగడ్డ, రుద్రంగి, కోరుట్ల, ఏ ఊరి నుంచి వచ్చినా ఆమె వెనక ఒక కథ ఉంటుంది. పెనిమిటి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. తొమ్మిదో నెల దాకా చాట ముందు కూర్చుని బీడీలు చుట్టి ఉంటుంది. ఒంట్లో రక్తం ఏడు గ్రాములు కూడా ఉండకపోవచ్చు. మందులు ఎందుకు వేసుకోలేదని కసరకు. ఎందుకు కుదరలేదో అడుగు. సబ్ సెంటర్‌లో పనిచేసిన ఇన్నేళ్లలో నేను చూసింది ఇదే: గద్దించిన నర్సుకు రోగి నిజం దాస్తుంది, పలకరించిన నర్సుకు అన్నీ చెబుతుంది. నొప్పులతో అరిచే మనిషిని వెక్కిరించే మాట ఏ వార్డులో వినబడినా నువ్వు అందులో కలవకు. తల్లో అత్తో ఒకరిని ఆమె పక్కన ఉండనివ్వమని నువ్వే అడుగు.

సెలవులకు వచ్చినప్పుడు మన ఊళ్లో రిటైరైన నర్సమ్మల దగ్గర, పాత మంత్రసానుల దగ్గర కూర్చో. వాళ్లు చెప్పేదాంట్లో ఏది నేటికీ నిలుస్తుందో, ఏది వదిలేయాలో నీ పుస్తకాలతో పోల్చి చూసి నోటుబుక్కులో రాసుకో. వాళ్లు పోయాక అడుగుదామంటే దొరకరు.

రేపు నీ మొదటి డ్యూటీలో ఏ తల్లీ ఒంటరిగా నొప్పులు పడకుండా చూడు బిడ్డా. నర్సు చదువుకు అదే మొదటి పరీక్ష, కడదాకా అదే పరీక్ష.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ