కాలి వాపులో రెండు పీడనాలు



ద్రవస్థితిక పీడనం, ద్రవాభిసరణ పీడనం, రెండింటి పేరూ పీడనమే కదా, మరి రెండూ నెట్టొద్దా అని అడిగావు. చిక్కంతా అక్కడే ఉందమ్మా. ద్రవస్థితిక పీడనం నీటిని నాళం బయటికి నెడుతుంది. ద్రవాభిసరణ పీడనం లోపలికి లాగుతుంది.

మొదటిది గుండె తోపుకీ, రక్తం బరువుకీ పుట్టేది. వస్త్రలత బట్టల దుకాణాల్లో పొద్దస్తమానం నిలబడి బట్టలు చూపించే గుమాస్తాలకి సాయంత్రానికి చెప్పులు బిగుతవుతాయి. కదలకుండా నిలబడితే పాదం సిరల్లో పీడనం దాదాపు 90 మి.మీ. పాదరసం దాకా పోతుంది మరి. నాలుగడుగులు వేస్తే పిక్క కండరాలు రక్తాన్ని పైకి తోసి దాన్ని బాగా తగ్గించేస్తాయి.

రెండోది కేశనాళిక గోడ దాటలేని ప్రోటీన్లది, ముఖ్యంగా అల్బుమిన్‌ది. ఉప్పుది కాదు. దివిసీమలో చౌడు తేలిన చేలో నీళ్ళున్నా వరి ఎండిపోతుంది, చూశావుగా. వేరు పొరను ఉప్పు సులువుగా దాటలేదు కనుక నీటిని బయటే పట్టి ఉంచుతుంది. కేశనాళిక గోడలోంచి మాత్రం అది హాయిగా అటూ ఇటూ తిరుగుతుంది. అందుకే ప్లాస్మా మొత్తం ద్రవాభిసరణ పీడనం 5,000 మి.మీ. పైమాటే అయినా, ఈ గోడ దగ్గర లెక్కకొచ్చేది ప్రోటీన్ల 25 మాత్రమే.

నెట్టే పీడనం కేశనాళికలో ధమని కొసన సుమారు 35, సిర కొసన 15. కాబట్టి ముందు బయటికి, తర్వాత లోపలికి అని నీ పుస్తకం బొమ్మ. 1896లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ చెప్పిన తూకమే దానికి ఆధారం. పరీక్షకి ఆ బొమ్మే వెయ్యి, మార్కులు పోగొట్టుకోకు. కానీ చాలా కణజాలాల్లో సిర కొసన కూడా ద్రవం కొద్దికొద్దిగా బయటికే వస్తుందనీ, దాన్ని మళ్ళీ రక్తంలో కలిపేది ప్రధానంగా శోషరస నాళాలేననీ ఇప్పటి అవగాహన.

మన డెల్టా వాళ్ళకి ఇది బోదకాలు చూస్తేనే తెలుస్తుంది. క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే పురుగు ఆ నాళాలను పాడుచేస్తుంది. గుండె బాగానే ఉంటుంది, అల్బుమిన్ తగ్గదు, కాలు మాత్రం వాస్తుంది.

వార్డు డ్యూటీలో వాచిన కాలు కనబడితే బొటనవేలితో కాసేపు నొక్కి చూడు. గుండె నీరసించి సిరల్లో పీడనం పెరిగినా, కాలేయం చెడి అల్బుమిన్ తగ్గినా మామూలుగా గుంట పడుతుంది. ముదిరిన బోదకాలు గట్టిపడి ఉంటుంది, గుంట పడదు. గుంట పడితే రెంటిలో ఏదో తేల్చుకోవడానికి మెడ సిరలు ఉబ్బాయా చూడు, అల్బుమిన్ రిపోర్టు అడుగు.

మీ తాతయ్య