ఎర్ర పొట్టు వెనకున్న కొలువులు

ఆదోని, ఎమ్మిగనూరు మార్కెట్ యార్డులకు వేరుశనగ బుడ్డలు వేసుకొచ్చిన రైతుకు ధర కట్టే ముందు వ్యాపారి గుప్పెడు కాయలు ఒలిచి చూస్తాడు. గింజ నిండుగా ఉందా, తేమ ఎంత, పుచ్చులు ఎన్ని, నూనె ఎంత దిగుతుంది అని అంచనా వేస్తాడు. గింజ మీది ఎర్ర పొట్టు ఎంత సులువుగా ఊడుతుందని అక్కడ ఎవరూ అడగరు. అదే సరుకు పీనట్ బటర్, చిక్కీ, మసాలా పల్లీలు చేసేవాళ్ల దగ్గరికి వెళ్తే ఆ పొట్టే పెద్ద లెక్క అవుతుంది. పొలానికీ ఫ్యాక్టరీకీ మధ్య ఈ విషయం తెలిసినవాళ్లు తక్కువ. పశ్చిమ కర్నూలు పిల్లలు చదువు ఎంచుకునేటప్పుడు ఈ వైపు కూడా చూడాలని నా కోరిక.

ముందు అసలు పని ఏమిటో చూద్దాం. ఊరుబిండి నూరడానికి మన ఇళ్లలో గింజలు వేయించి, చల్లారాక అరచేతుల మధ్య నలిపి, చాటలో చెరుగుతారు. కొన్నిటికి పొట్టు ఒక్క నలుపుకే రాలిపోతుంది. కొన్నిటికి ముక్కు దగ్గర చిన్న పెచ్చు అంటుకునే ఉంటుంది. ముడుచుకుపోయిన లేత గింజలైతే ఎంత నలిపినా వదలవు. ఫ్యాక్టరీలో టన్నుల లెక్కన జరిగేదీ ఇదే. వేడిగాలితో గింజలోని తేమ తగ్గించి, చల్లార్చి, రోలర్ల మధ్య రుద్ది, ఊడిన పొట్టును గాలితో లాగేస్తారు. దీన్నే బ్లాంచింగ్ అంటారు. మొదటి దఫాలో పొట్టు వదలని గింజల్ని మళ్లీ యంత్రంలో పోయాలి. పోసిన ప్రతిసారీ కొన్ని బద్దలవుతాయి, బద్దకు గుండు గింజ ధర రాదు. కరెంటు ఖర్చు, కూలి ఖర్చు అదనం.

ఇందులో ఆరోగ్యం సంగతి కూడా ఉంది. బూజు పట్టిన గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అలాంటి గింజ చాలాసార్లు రంగు మారుతుంది, కానీ పొట్టు కప్పి ఉన్నంతసేపూ ఆ మార్పు కనబడదు. పొట్టు పోయాకే కలర్ సార్టర్ యంత్రంలోని కెమెరా దాన్ని పట్టుకుని పక్కకు తోసేస్తుంది. నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు మించకూడదని ఐరోపా సమాఖ్య నిబంధన. మన ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు 10. విదేశానికి పంపిన సరుకు వెనక్కి రాకుండా చూడటంలో పొట్టు తీసే గదికి ఎంత పాత్ర ఉందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

పొట్టు సులువుగా ఊడటం యంత్రం మీదే ఆధారపడిందా అంటే, కాదు. గింజ ఎంత ముదిరింది, కాయను ఎలా ఆరబెట్టారు అన్నవి ముఖ్యం. వాటితోపాటు రకం కూడా ముఖ్యం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ శాస్త్రవేత్తలు 2003లో వెలువరించిన పరిశోధనలో ఈ గుణం వేర్వేరు పరిస్థితుల్లోనూ బాగా నిలకడగా ఉంటుందనీ, తొలి తరాల్లోనే ఎంపిక చేయవచ్చనీ చూపారు. మన పక్కనే పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వర్జీనియా రకాల్లో ఈ గుణం ఎంత తేడాగా ఉంటుందో పరిశీలించి 2012లో ప్రచురించారు. మనకు బాగా తెలిసిన కదిరి-6 లాంటి రకాలు దిగుబడిని, మెట్ట సేద్యాన్ని దృష్టిలో పెట్టుకుని వచ్చినవి. 2005లో విడుదలైనప్పుడు రైతు అవసరం అదే. నూనె మిల్లుకు వెళ్లే గింజకు పొట్టు ఉన్నా ఇబ్బంది లేదు. ఇప్పుడు తినే సరుకుగా వాడకం పెరుగుతోంది కాబట్టి కొత్త రకాలు తయారుచేసే పెంపకందారుడి (బ్రీడర్) జాబితాలో ఈ గుణం కూడా చేరాలి.

ఈ పనిలో నన్ను బాగా ఆకట్టుకునేది ఇక్కడే ఉంది. ఫ్యాక్టరీకి పొట్టు ఊడాలి, రైతుకు ఊడకూడదు. కాయ ఒలిచే యంత్రంలోనే పొట్టు లేచిపోతే గింజ త్వరగా కనరెక్కుతుంది, విత్తనానికి పనికిరాదు, బూజుకు దారి దొరుకుతుంది. కాబట్టి మామూలుగా గట్టిగా పట్టుకుని ఉండి, వేడి తగిలాక మాత్రమే వదిలే పొట్టు కావాలి. పైగా పొట్టు తల్లి మొక్క కణజాలం. రెండు రకాలను సంకరం చేసినప్పుడు, ఆ పువ్వుకు వచ్చిన గింజలో పిండం కొత్తదైనా పైనున్న పొట్టు అచ్చంగా తల్లిదే. ఆ గింజను నాటి, ఆ మొక్కకు కాసిన గింజలు చూస్తేనే సంకరం ఫలితం పొట్టులో తెలుస్తుంది. అంటే ఒక పంటకాలం ఆలస్యం. ఇంకో చిక్కు, పరీక్షకు వేడి చేసిన గింజ మొలవదు. ఒక్కో మొక్కకు వచ్చే కాసిని గింజల్లో విత్తనానికి కొన్ని దాచి, మిగిలిన కొద్దిటితోనే పరీక్ష చేయాలి. అందుకే తక్కువ గింజలతో నమ్మకంగా కొలిచే పద్ధతులూ, ఆకు ముక్కలోని డీఎన్ఏ చూసి చెప్పే మార్కర్లూ కావాలి. సాగు వేరుశనగ జీనోమ్ సీక్వెన్స్ 2019లో వెలువడింది కాబట్టి కంప్యూటర్ మీద లెక్కలు కట్టే పిల్లలకూ ఇందులో చోటుంది.

సంకరం పని ఎలా ఉంటుందో తెలుసుకునే రండి. సాయంత్రం చేలో కూర్చుని, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను వేళ్ల మధ్య పట్టుకుని, సన్నని పట్టకారుతో పుప్పొడి తిత్తులు ఒక్కటి కూడా మిగలకుండా తీసేయాలి. తెల్లవారగానే వచ్చి ఎంచుకున్న రకం పుప్పొడి అద్దాలి, గుర్తుకు దారం కట్టాలి. చేసినవన్నీ కాయ కట్టవు. ఓపిక, సన్నటి చూపు ఉన్నవాళ్లు ఈ పనికి కావాలి. సంకరం నుంచి రకం విడుదల దాకా మామూలుగా ఎనిమిది పదేళ్లు పడుతుంది. తొందరగా పేరు రావాలనుకునేవాళ్లు ఇటు రావద్దు.

ఇక దారుల సంగతి. ఇంటర్ బైపీసీ వాళ్లు ఏపీ ఈఏపీసెట్ రాసి ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ అగ్రికల్చర్ చేరవచ్చు. మనకు దగ్గరి కళాశాల మహానందిలో ఉంది, తిరుపతి, బాపట్ల ఎలాగూ ఉన్నాయి. రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. భూమి పత్రాలు, గ్రామీణ ప్రాంతంలో చదివిన సర్టిఫికెట్లు ముందే సిద్ధం చేసుకోండి. వీటి కోసం చివరి వారంలో ఆఫీసుల చుట్టూ తిరిగి సీటు పోగొట్టుకునే పిల్లలుంటారు. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో షరతులు మాత్రం మీరే చదువుకోండి. పెంపకం వైపు వెళ్లాలంటే ఎమ్మెస్సీలో జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్ తీసుకోవాలి. పదో తరగతితో ఆపాల్సి వస్తే అగ్రికల్చర్ పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, అగ్రిసెట్ ద్వారా బీఎస్సీలోకి వెళ్లే వీలుంది.

ఫ్యాక్టరీ వైపు ఇష్టమున్నవాళ్లు ఫుడ్ టెక్నాలజీ చూడండి. బాపట్ల, పులివెందులల్లో కళాశాలలున్నాయి, మైసూరులోని సీఎఫ్‌టీఆర్ఐలో పీజీ ఉంది. ఇప్పటికే కెమిస్ట్రీతోనో మైక్రోబయాలజీతోనో డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఉన్నవాళ్లు అఫ్లాటాక్సిన్ పరీక్షల్లో వాడే ఎలైసా, హెచ్‌పీఎల్‌సీ పద్ధతులు నేర్చుకుంటే ఎగుమతి యూనిట్ల ప్రయోగశాలల్లో ప్రయత్నించవచ్చు. ఐటీఐ వాళ్లకు కలర్ సార్టర్, రోస్టర్ నడపడం, మరమ్మతు చేయడం మంచి నైపుణ్యం. పరిశోధన ప్రాజెక్టుల్లో తొలి ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టు మీదే ఉంటాయి, జీతం మొదట్లో ఆశించినంత ఉండదు. ఇది ముందే తెలుసుకుని రండి. సొంతంగా చిన్న యూనిట్ పెట్టాలనుకుంటే, 2020లో మొదలైన కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఇస్తూ వచ్చారు. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారా లేదా అన్నది బ్యాంకులో అడగండి.

నన్ను సలహా అడిగితే, ఏ దారిలో వెళ్లినా రెండో వైపు కూడా కొంత నేర్చుకోమంటాను. పెంపకం చదివేవాళ్లు ఒక సెలవుల్లో ప్రాసెసింగ్ యూనిట్లో పని చూడాలి, ఫుడ్ టెక్నాలజీ వాళ్లు ఒక ఖరీఫ్ చేలో తిరగాలి. ఇద్దరి భాషా తెలిసినవాళ్లకే గిరాకీ.

మొదలుపెట్టడానికి డిగ్రీ అక్కర్లేదు. మీ ఊళ్లో పండే రెండు రకాల గింజలు ఒకే పరిమాణంలో వంద చొప్పున తీసుకోండి. ఒకే పెనంలో, ఒకే మంట మీద, ఒకే సమయం వేయించి, ఒకేలా నలపండి. పొట్టు పూర్తిగా పోయినవి, సగం పోయినవి, పోనివి విడివిడిగా లెక్కపెట్టి రాసుకోండి. ముదిరిన గింజలతో, లేత గింజలతో మళ్లీ చేయండి. ఆ కాగితం పట్టుకుని ఎమ్మిగనూరు దగ్గర బనవాసి కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి, అక్కడి శాస్త్రవేత్తలను కలిసి మీ ప్రశ్నలు అడగండి.