జన్యువు పేరు చూసి ఫీజు కట్టకండి

నీట్ ఫలితాలు వచ్చిన వారం మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ఇళ్లలో రెండు మాటలే వినిపిస్తాయి. ‘ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో వేద్దాం’ అన్నది ఒకటి. ‘అదీ రాకపోతే ఏదో ఒక జెనెటిక్స్ కోర్సులో పడేద్దాం, ఇప్పుడంతా డీఎన్‌ఏదే కదా’ అన్నది రెండోది. మొదటిదాని లెక్క అందరి ముందూ ఉంది: 2025లో నీట్ రాసినవారు 22 లక్షల పైచిలుకు, దేశం మొత్తంమీద ఎంబీబీఎస్ సీట్లు దాదాపు 1.2 లక్షలు. నన్ను ఎక్కువ భయపెట్టేది రెండో మాట, ఎందుకంటే అందులో సగం నిజముంది. జన్యు పరీక్షలు వైద్యాన్ని మారుస్తున్న మాట వాస్తవమే. అంతమాత్రాన కోర్సు పేరులో జన్యువు ఉంటే చాలు, ఉద్యోగం దానంతట అదే వస్తుందనుకోవడం పొరపాటు. మనిషి ఒంట్లో చేరిన పరాన్నజీవి ఏ జాతిదో జన్యు గుర్తులతో తేల్చే పని ఉంది. ఆ పని ఎలా జరుగుతుందో చూస్తే ఏ చదువుకు డబ్బు పెట్టాలో అర్థమవుతుంది.

నల్లమల లోపలి చెంచుగూడేలకు మలేరియా కొత్త కాదు. వేలి కొసన తీసిన రక్తపు చుక్కను స్లైడు మీద పూసి, జీమ్సా రంగు వేసి, క్రిమి ఫాల్సిపేరం జాతిదో వైవాక్స్ జాతిదో చెప్పాలి. వైవాక్స్ కాలేయంలో దాక్కుని మళ్లీ లేస్తుంది కాబట్టి ప్రైమాక్విన్ 14 రోజులు మింగాలి. ఫాల్సిపేరమైతే మందూ వేరు, తొందరా వేరు. రెండూ కలిసి ఉంటే కంటికి ఒకటే చిక్కవచ్చు. అమీబాల సంగతి ఇంకా చిత్రం. హిస్టోలిటికా అనే జాతి పేగును తొలిచి కాలేయంలో చీముగడ్డ తెస్తుంది. డిస్పార్ అనే జాతి ఏ హానీ చేయదు. మలపరీక్షలో రెండింటి సిస్టులూ ఒక్కలాగే కనిపిస్తాయి. అవి రెండు వేర్వేరు జాతులని శాస్త్రలోకం ఖాయం చేసుకున్నది 1993లోనే. చెప్పులు లేకుండా పొలంలో తిరిగేవారికి పట్టే కొంకిపురుగుల్లోనూ నెకేటర్ గుడ్డునూ యాంకైలోస్టోమా గుడ్డునూ చూసి వేరుచేయడం కుదరదు. కన్ను ఆగిపోయిన ఈ చోట జన్యు గుర్తు అక్కరకొస్తుంది. 1993లోనే స్నూనూ బృందం మలేరియాకు రెండంచెల పీసీఆర్ (క్రిమి జన్యుముక్కకు నకళ్లు తీసి పెంచే) పద్ధతి ఇచ్చింది. మొదటి విడత మలేరియా క్రిమి ఉందో లేదో చెబుతుంది, రెండో విడత జాతి చెబుతుంది. జెల్‌ను అతినీలలోహిత కాంతిలో పెడితే 205 బేస్‌పెయిర్ల దగ్గర గీత మెరిస్తే ఫాల్సిపేరం, 120 దగ్గరైతే వైవాక్స్, 144 దగ్గరైతే ‘మలేరియే’ అనే మూడో జాతి.

ఇంత స్పష్టంగా గీతలు వస్తుంటే ఇక పురుగును చూడటం నేర్చుకోవడం దేనికి అని అడగవచ్చు. దానికి మలేషియాలోని సారవాక్ రాష్ట్రం జవాబు చెబుతుంది. అక్కడి కపిట్ ప్రాంతంలో 1999లో వచ్చిన మలేరియా కేసుల్లో ఇంచుమించు ఐదో వంతును, మైక్రోస్కోపులో చూసి, ‘మలేరియే’ జాతిగా రాశారు. కానీ రోగుల తీరు ఆ జాతి తీరులా లేదు. పీసీఆర్ చేస్తే 144 దగ్గర గీత రాలేదు. యంత్రాన్నే నమ్ముకున్నవాడు అక్కడ ‘మలేరియే జాతికి నెగెటివ్’ అని రాసి ఊరుకునేవాడు. బల్బీర్ సింగ్ బృందం ఊరుకోలేదు. స్లైడులో క్రిమి కళ్లెదుట ఉంది, గీత లేదంటే ఇది వేరే జాతి అయ్యుండాలని ఆ జన్యువు వరుసను చదివింది. తేలింది నోలెసి, అంటే కోతుల్లో ఉండే మలేరియా. 2004లో లాన్సెట్‌లో వారు ప్రకటించిన లెక్క ప్రకారం 208 మంది రోగుల్లో 120 మందికి ఉన్నది అదే. మలేరియే జాతి 72 గంటలకోసారి పెరిగితే నోలెసి 24 గంటలకే పెరుగుతుంది, కాబట్టి పేరు తప్పితే ప్రాణానికే ముప్పు. నోలెసి మనిషికి సోకగలదని కలకత్తాలో నోల్స్, దాస్‌గుప్తా 1932లోనే చూపించారు. ఆ పాత పని తెలిసినవారికే కొత్త ప్రశ్న తట్టింది. పీసీఆర్ కిట్టు తనలో వేసిన ప్రైమర్లకు దొరికేదాన్నే వెతుకుతుంది. దొరకనిదాన్ని అనుమానించాల్సింది క్రిమిని ఎరిగిన మనిషి.

అందుకే నా మొగ్గు సాదా బీఎస్సీ జువాలజీ లేదా మైక్రోబయాలజీ వైపు, అదీ దగ్గర్లోని ప్రభుత్వ కాలేజీలో. ఇంటర్ బైపీసీ ఉంటే సీటుకు ఇబ్బంది లేదు. ఆ తర్వాత ఏపీ పీజీసెట్ రాస్తే తిరుపతి, విశాఖ, నాగార్జున, కడప యూనివర్సిటీలున్నాయి. సీయూఈటీ పీజీతో హైదరాబాద్ యూనివర్సిటీ ఉంది. గ్యాట్-బీ రాస్తే కేంద్ర బయోటెక్నాలజీ విభాగం తోడ్పాటుతో యూనివర్సిటీలు నడిపే ఎమ్మెస్సీ సీట్లు, వాటితోపాటు స్టైపెండు వస్తాయి. దోమలు, క్రిముల మీద ఇష్టమున్నవారికి పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో ఎమ్మెస్సీ పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ ఉంది. దీన్ని మన ప్రాంతం పిల్లలు పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూస్తున్న మెట్టపొలాన్ని తాకట్టు పెట్టి, నగరంలో రంగురంగుల బ్రోషర్ చూపించిన కాలేజీలో జినోమిక్స్ పేరున్న డిగ్రీకి లక్షలు కట్టకండి. కట్టేముందు ల్యాబ్ చూపించమనండి. పీసీఆర్ యంత్రం అద్దాల గదిలో మెరుస్తుంటే సంతోషపడకండి. బల్ల కింద వాడి పారేసిన పిపెట్ టిప్పుల డబ్బా ఉందో లేదో చూడండి. పిల్లలు నిజంగా పనిచేసే ల్యాబ్‌లో అది రోజూ నిండుతుంది. రెండో ఏడాది విద్యార్థిని పిలిచి, సొంత చేతులతో ఎన్నిసార్లు జెల్ పోశావని అడగండి. వారం రోజుల ‘హ్యాండ్స్ ఆన్’ శిక్షణ, చివర సర్టిఫికెట్ అనే దుకాణాలు మరో ఉచ్చు. అక్కడ ఒకరు చేస్తుంటే ముప్పై మంది చూస్తారు. చివరి ఏడాది ప్రాజెక్టును డబ్బుకు రాసిచ్చే చోటైతే గడప తొక్కొద్దు. ఆ ప్రాజెక్టు గురించి రేపు ఇంటర్వ్యూలో అడిగే మొదటి ప్రశ్నకే పిల్లవాడు నోరు తెరవలేడు.

ఇదంతా చేసినా ఉద్యోగం ఎప్పుడొస్తుంది అన్న తల్లిదండ్రుల ప్రశ్న న్యాయమైనదే, దాన్ని తీపిమాటలతో దాటవేయను. శాశ్వత సైంటిస్టు పోస్టులు తక్కువ. ప్రాజెక్టు ఉద్యోగాలు కాంట్రాక్టువే. పీహెచ్‌డీ దాకా వెళ్తే డిగ్రీ నుంచి లెక్కేసుకుని పదేళ్లు పట్టొచ్చు. అయితే ఆ పదేళ్లూ ఇంటి డబ్బుతో నడవవు. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. మూడేళ్లు లాంగ్‌టర్మ్ హాస్టల్‌కు కట్టే డబ్బు మాత్రం వెనక్కి రాదు, పిల్లల పంతొమ్మిది, ఇరవై ఏళ్ల వయసూ వెనక్కి రాదు. తొందరగా సంపాదన కావాల్సిన ఇంటికి బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చేయించి ఆస్పత్రి ల్యాబ్‌కు పంపడం మంచి దారి. దాన్ని చిన్నచూపు చూసేవారితో నాకు ఓపిక లేదు. గూడెం నుంచి వచ్చిన స్లైడును మొదట చదివేది ఆ టెక్నీషియనే.

అయితే ఇది చదివి, నీట్ నుంచి తప్పించిన పిల్లను బలవంతంగా ఇందులోకి తోయకండి. ముందు ఒక మధ్యాహ్నం ఏదైనా డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చోనివ్వండి. మందపాటి రక్తపు పూత చూసి మలేరియా లేదని రాయాలంటే కనీసం నూరు ఫీల్డులు తిప్పి చూడాలి. ఇరవయ్యో ఫీల్డు దగ్గర విసుగొచ్చి లేచిపోతే కోప్పడకుండా ఇంటికి తీసుకెళ్లి, తనకేం చదవాలని ఉందో అడగండి.