ఫైలు పేరు ఒకటే, లోపలి వరుస వేరు

ప్రశ్న: జీటీఏ ఆటల్లోని టెక్స్ట్ ఫైళ్ల గురించి నోట్సు రాస్తున్నాను. వైస్ సిటీ ఐపీఎల్ (మ్యాపు అమరిక) ఫైలు చూసి రాసుకున్నది శాన్ ఆండ్రియాస్‌కు అస్సలు పొసగడం లేదు. ఎక్కడ తప్పుతున్నాను?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ నోట్సులో తప్పు లేదండీ, ఫైలు అమరికే మారింది. మ్యాపులో ఏ వస్తువు ఎక్కడ ఉండాలో చెప్పే 'ఇన్‌స్ట్' విభాగాన్నే చూడండి. జీటీఏ 3 (2001)లో ఒక్కో లైనులో 12 విలువలు. వైస్ సిటీ (2002)లో మోడల్ పేరు పక్కన ఇంటీరియర్ నంబరు చేరి 13 అయ్యాయి. శాన్ ఆండ్రియాస్ (2004)లో సైజు తాలూకు మూడు విలువలూ ఎగిరిపోయి, చివర ఎల్‌ఓడీ (దూరం నుంచి చూపే తక్కువ వివరాల మోడల్‌ను సూచించే నంబరు) వచ్చింది. మొత్తం 11. కామాలు లెక్కపెడితే ఏ ఆట ఫైలో ఇట్టే తెలిసిపోతుంది.

కాబట్టి ఆటకో పట్టిక వేయండి. అన్నిటికీ ఒకే పట్టిక అంటే మళ్లీ ఇదే గొడవ. కార్ల సంగతి చెప్పే హ్యాండ్లింగ్.సీఎఫ్‌జీలోనైతే, సెమికోలన్‌తో మొదలయ్యే లైన్లలో ఏ గడి ఏమిటో తయారుచేసినవాళ్లే రాసిపెట్టారు. చాలామంది అది చదవకుండానే ఊహాగానాలు మొదలెడతారు! అర్థంకాని విలువ తగిలితే ఫైలుకు కాపీ తీసి, ఆ ఒక్కటే మార్చి ఆట నడిపి చూడండి. రెండు ఒకేసారి మార్చొద్దు.

శాన్ ఆండ్రియాస్ ఐపీఎల్‌లు కొన్ని జీటీఏ3.ఐఎంజీ అనే ఆర్కైవ్ ఫైలు లోపల బైనరీగా ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో పిచ్చి గుర్తులు కనిపిస్తే సేవ్ చేయకుండా మూసేసి, హెక్స్ ఎడిటర్ వాడటం తెలిసిన ప్రోగ్రామర్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి.